రాత్రి పదిన్నరకి ఒక గంట దొరికితే ఏ గేమ్ కొనాలి?

పది రోజుల క్రితం మా బాబాయి కొడుకు రావులపాలెం నుంచి ఫోన్ చేశాడు. కొత్త లాప్‌టాప్ కొన్నాడు, గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే, ఈఎంఐ ఇంకా మొదలవలేదు కాబట్టి మంచి హుషారు మీద ఉన్నాడు. "అన్నయ్యా, విచర్ కొననా, రెడ్ డెడ్ కొననా, ఎల్డెన్ రింగ్ కొననా? ఎక్కడ చూసినా మూడింటికీ పదికి తొమ్మిదిన్నర, పది ఇచ్చేశారు" అన్నాడు. రోజుకి ఎంతసేపు ఆడతావురా అని అడిగాను. "ఎంతసేపేంటి, షాపు కట్టేసి ఇంటికొచ్చి అన్నం తినేసరికి పదవుతుంది. ఓ గంట ఆడతానేమో" అన్నాడు.

వాడికి ఫోన్లో చెప్పడానికి అరగంట పట్టింది, అందులో సగం వాడు వినలేదు కూడా. అందుకే మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. వాడిలాంటి వాళ్ళు చాలామందే ఉంటారు. ఉద్యోగమో వ్యాపారమో ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటారు, చిన్నప్పుడు తెగ ఆడి ఉంటారు, ఇప్పుడు కొనడానికి డబ్బులున్నాయి గానీ ఆడటానికి టైము లేదు. సెలవుల్లో ఉన్న ఇంటర్ కుర్రాడికి ఈ సలహా పనికిరాదు, వాడు ఏది కొన్నా పర్లేదు.

నా లెక్క నెట్ సెంటర్ల దగ్గర మొదలైంది. గంటకి ఇంత అని కట్టి కూర్చునేవాళ్ళం. ప్రాజెక్ట్ ఐజీఐ గుర్తుందా? 2000లో వచ్చిన గేమ్, మన ఊళ్ళ నెట్ సెంటర్లకి ఎప్పుడు చేరిందో గానీ చేరాక ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది. అందులో మిషన్ మధ్యలో సేవ్ లేదు. కంచె దాటి, టవర్ మీదవాడిని కొట్టి, కెమెరాలు ఆపి, చివరి గదిలోకి వెళ్ళాక వెనక నుంచి ఎవడో కాల్చేవాడు, మళ్ళీ మొదటి నుంచి. ఈలోపు సెంటర్ ఆయన వచ్చి "బాబూ, టైమైపోయింది" అనేవాడు. జేబులో బస్సు చార్జీ తప్ప ఏమీ ఉండేది కాదు. ఇన్నేళ్ళయినా ఏ గేమ్ పట్టుకున్నా నా వెనక ఆ సెంటర్ ఆయన నిలబడే ఉంటాడు.

కాబట్టి నేను చూసేవి మూడే. గంటలో ఏదో ఒకటి పూర్తవుతుందా. మధ్యలో పాప లేచి ఏడిస్తే ఆపనిస్తుందా. పెళ్ళిళ్ళ సీజన్లో పది రోజులు ముట్టుకోకుండా వదిలేసి తిరిగొస్తే ఎక్కడున్నానో, ఏ బటన్ ఏం చేస్తుందో నాకు తెలుస్తుందా. గ్రాఫిక్స్, రేటింగులు, అవార్డులు అన్నీ వీటి తర్వాతే.

విచర్ 3 vs రెడ్ డెడ్ రిడెంప్షన్ 2

రెండూ పెద్ద గేములే. పక్క పనులు ఏవీ ముట్టుకోకుండా అసలు కథ ఒక్కటే ఆడినా యాభై గంటలకు కాస్త అటూ ఇటూ. వారానికి నాలుగు రాత్రులు గంట చొప్పున వేసుకుంటే మూడు నెలలు. ఇది తెలిసే దిగాలి.

విచర్ 3 2015 మేలో వచ్చింది, పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్ళది. గెరాల్ట్ అని ఒక మనిషి, రాక్షసులను వేటాడి కూలి తీసుకోవడం అతని వృత్తి. ఊళ్ళో నోటీసు బోర్డు మీద కాగితం అంటించి ఉంటుంది, బావి దగ్గర దెయ్యం ఉంది, దాని సంగతి చూస్తే ఇంత ఇస్తాం అని. వెళ్ళి బేరమాడతాడు, చుట్టుపక్కల ఆనవాళ్ళు చూస్తాడు, ఆ దెయ్యం ఎందుకు దెయ్యమైందో తెలుసుకుంటాడు, చంపి డబ్బులు తీసుకుంటాడు. అరగంట, ముప్పావుగంటలో ఒక కథ చదివినట్టు అయిపోతుంది, హాయిగా పడుకోవచ్చు. అసలు కథ కంటే ఈ చిన్న పనులే నాకు ఎక్కువ గుర్తున్నాయి. అసలు కథలోనూ బ్లడీ బారన్ అనే తాగుబోతు దొర భాగం ఉంది చూడండి, అది అయ్యాక నేను ఆ రాత్రి ఇంకేమీ ఆడలేదు, అంతకంటే చెప్పను.

సేవ్ కూడా కొట్లాటలో లేనప్పుడు దాదాపు ఎక్కడైనా చేసుకోవచ్చు. ఇంకో మంచి సంగతి, గేమ్ లోడ్ అయ్యేటప్పుడు ఇప్పటిదాకా కథ ఎక్కడికొచ్చిందో బొమ్మలతో ఒక గొంతు చెబుతుంది. పది రోజుల తర్వాత వచ్చినవాడికి అది ఎంత ఉపకారమో. నాకు నచ్చనిది కత్తియుద్ధం. పక్కకి తప్పుకో, రెండు దెబ్బలు వేయి, మళ్ళీ తప్పుకో, పదో గంటలో ఎలా ఉందో అరవయ్యో గంటలోనూ అలాగే ఉంటుంది. సంచిలో చెత్త పేరుకుపోతుంది, దాన్ని అమ్ముకోవడానికే కొన్ని రాత్రులు పోతాయి. గ్వెంట్ అని లోపల ఒక పేకాట లాంటిది ఉంది, దాని జోలికి వెళ్తే కూతురిని వెతకడానికి బయల్దేరిన మనిషి పేకలు పట్టుకుని ఊరూరా తిరుగుతుంటాడు. మీ ఇష్టం.

రెడ్ డెడ్ 2 ప్లేస్టేషన్ లాంటి కన్సోళ్ళకి 2018 అక్టోబరులో, కంప్యూటర్‌కి 2019 నవంబరులో వచ్చింది. 1899 అమెరికా, రోజులు చెల్లిపోతున్న దోపిడీ ముఠా, అందులో ఆర్థర్ మోర్గన్. నేను ఆడిన వాటిల్లో ఇంతకంటే బాగా రాసిన మనిషి ఇంకొకడు లేడు, ఈ మాట మీద నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను. అయినా గంట మాత్రమే ఉన్నవాడికి మొదటి గేమ్‌గా దీన్ని చెప్పలేను.

ఎందుకంటే ఇది కావాలనే నెమ్మది. సొరుగు తీయాలంటే ఆర్థర్ చెయ్యి చాచి సొరుగు తీసి, అందులోంచి డబ్బా ఎత్తి, సంచిలో వేసుకోవడం మొత్తం మనం చూడాలి. జింకని కొడితే తోలు తీసేది కూడా చూడాలి. మొదటిసారి అబ్బ అనిపిస్తుంది, నలభయ్యోసారి గడియారం వైపు చూస్తాం. మొదటి అధ్యాయమంతా మంచులో ఉంటుంది, అక్కడ గుర్రాలు కూడా పరిగెత్తలేవు, అది దాటి అసలు ప్రపంచం తెరుచుకునేసరికే దాదాపు రెండు గంటలు. మనకైతే రెండు రాత్రులన్నమాట. మిషన్ మొదలుపెట్టాక మధ్యలో మనంతట మనం సేవ్ చేసుకోలేం. మిషన్లో వాళ్ళు చెప్పిన దారి విడిచి నాలుగడుగులు పక్కకి వేస్తే ఫెయిల్ అంటుంది. ఇంత పెద్ద ప్రపంచం కట్టి పని మొదలవ్వగానే చెయ్యి పట్టుకుని నడిపించడం నాకు అర్థం కాలేదు.

బటన్ల సంగతి సరేసరి. సంక్రాంతికి ఊరెళ్ళి రెండు వారాల తర్వాత మళ్ళీ మొదలుపెట్టి, గుర్రం ఎక్కుదామని ఏదో నొక్కితే పక్కన నిలబడ్డ పెద్దమనిషిని గుద్దాను. ఊరంతా వెంటపడింది. తప్పు నా వేళ్ళదే, కానీ విచర్‌లో ఇంత దూరం వెళ్ళదు.

శని, ఆదివారాల్లో మూడేసి గంటలు ఏకధాటిగా కూర్చోగలిగితే రెడ్ డెడ్ తీసుకోండి. రోజుకో గంట అయితే విచర్.

ఇదే వరసలో సైబర్‌పంక్ 2077 గురించి ఒక ముక్క. 2020 డిసెంబరులో బోలెడు లోపాలతో వచ్చినప్పుడు ఎంత గోలైందో అందరికీ తెలుసు, ప్లేస్టేషన్ స్టోర్ నుంచే కొన్ని నెలలు తీసేశారు. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చాక అది వేరే గేమ్. అందులో ఫిక్సర్లు, అంటే పనులు కుదిర్చే దళారులు, ఇచ్చే చిన్న పనులు పది, పదిహేను నిమిషాల్లో అయిపోతాయి, మన గంటలో మూడు పడతాయి. నగరం చూడ్డానికి బాగుంటుంది, మనుషులు మాత్రం ఆర్థర్ అంత దగ్గరికి రారు. బాల్డర్స్ గేట్ 3 కూడా అడుగుతారు గనక చెబుతున్నా, ఎక్కడైనా సేవ్ అవుతుంది, కొట్లాట మధ్యలో కూడా, అది గొప్ప విషయమే. కానీ ఒక్క పెద్ద కొట్లాటే గంటంతా తినేస్తుంది, పైగా చదవాల్సిన ఇంగ్లీషు కొండంత. ఆఫీసులో రోజంతా మెయిళ్ళు చదివొచ్చి మళ్ళీ అదా అనిపించి నేను సగంలో ఆపాను. అది గేమ్ తప్పు కాదు.

కష్టమైన గేములు: ఎల్డెన్ రింగ్, సెకిరో, హాలో నైట్

ఇక్కడ చాలామంది పరువు కోసం కొంటారు. ఫ్రెండ్స్ అందరూ ఆడారు కాబట్టి. రెండు వందల సార్లు చచ్చానని చెప్పుకోవడం కూడా ఒక గొప్పే కదా. నేనూ ఎల్డెన్ రింగ్ అలాగే కొన్నా, దాచడమెందుకు.

2022 ఫిబ్రవరిలో వచ్చింది, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ళది. మొదట్లో తలుపు తెరుచుకుని బయటికి అడుగుపెట్టగానే ఎదురుగా బంగారు కవచం వేసుకుని గుర్రం మీద ఒకడు తిరుగుతుంటాడు. మొదటి శత్రువు కదా, కొట్టేయాలేమో అనుకుని వెళ్ళాను. ఆ రాత్రి గంటా వాడి చేతిలోనే అయిపోయింది. మర్నాడు ఆఫీసులో ఒక కుర్రాడు నవ్వి, "సార్, వాడిని వదిలేసి పక్క నుంచి వెళ్ళిపోవాలి" అన్నాడు. ఆ గేమ్ మొత్తానికి కీలకం ఆ మాటలోనే ఉంది. ఓడిపోతే వేరే వైపు వెళ్ళు, గుహలు చూడు, బలం పెంచుకో, సాయానికి ఆత్మలను పిలుచుకో, నెల తర్వాత వచ్చి వాడిని కొట్టు. కష్టమే గానీ మొండి కాదు.

గంట మనిషికి రెండు చిక్కులు. ఒకటి, పాజ్ లేదు. మెనూ తెరిచినా ఆట నడుస్తూనే ఉంటుంది, కుక్కర్ విజిల్ వినిపించి లేచారా తిరిగొచ్చేసరికి పోయి ఉంటారు. క్విట్ కొడితే మాత్రం ఉన్నచోటే సేవ్ అవుతుంది, కాబట్టి పూర్తిగా బయటికి రావడమే దారి, బాస్ దగ్గర, అంటే పెద్ద శత్రువుతో కొట్లాటలో తప్ప అది పనిచేస్తుంది. రెండోది మతిమరుపు. ఎవరు ఏం చెప్పారో, ఎక్కడికి వెళ్ళమన్నారో రాసిపెట్టే పుస్తకం ఉండదు. నేను ఫోన్‌లో నోట్స్ రాసుకున్నాను, "చెరువు పక్కన కూర్చున్న ముసలాడు, మళ్ళీ వెళ్ళాలి" అని. రెండు నెలల తర్వాత చూస్తే ఏ చెరువో తెలియలేదు.

సెకిరో 2019 మార్చిలో వచ్చింది, అదే సంస్థ. ఇందులో పాజ్ ఉంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. గేమ్ అంతా ఒకే కత్తి, ఒకే విద్య: ఎదుటివాడి దెబ్బ పడే క్షణంలో మన కత్తి అడ్డుపెట్టడం. కోలాటంలో కర్రకి కర్ర తగలాలి చూడండి, అలా లయ పట్టుకోవాలి. పట్టుకున్నాక ఇంత సరదా ఇంకే గేమ్‌లోనూ లేదు. పట్టుకునేదాకా నరకం. ఎల్డెన్ రింగ్‌లోలా పక్కకి వెళ్ళి బలం పెంచుకుని రావడం ఇక్కడ పెద్దగా కుదరదు, తోడుగా ఎవరినీ పిలవలేం, వాడిని దాటాలంటే మనకే చేతనవ్వాలి. కోట మీద గెనిచిరో అనే అతని దగ్గర నాకు తొమ్మిది రాత్రులు పట్టింది. పదో రాత్రి గెలిచినప్పుడు అరిచిన అరుపుకి పాప లేచింది, ఆ తర్వాత ఇంట్లో జరిగింది రాయను. ఇంకో మాట, దీన్ని పది రోజులు ఆపితే చేతులు మర్చిపోతాయి. రోజూ గంట ఆడగలిగే నెలలోనే మొదలుపెట్టండి, పరీక్షలకి చదివినట్టు.

హాలో నైట్ చవక. గ్రాఫిక్స్ కార్డు లేని పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, ఆస్ట్రేలియాలో టీమ్ చెర్రీ అనే చిన్న జట్టు 2017లో తెచ్చింది. పురుగుల రాజ్యం, భూమి కింద సొరంగాలు, చేత్తో గీసిన బొమ్మలు, సంగీతం వింటుంటే వానాకాలం సాయంత్రంలా ఉంటుంది. అయితే కొత్త చోట మ్యాప్ కొనుక్కోవాలి. కొన్నాక కూడా మనం తిరిగిన చోట్లు అందులో ఎక్కాలంటే బెంచీ దాకా వెళ్ళి కూర్చోవాలి. మనం ఎక్కడున్నామో చుక్క కనపడాలంటే దానికి విడిగా ఒక తాయెత్తు పెట్టుకోవాలి. రోజూ ఆడేవాడికి ఈ దారి తప్పడమే మజా, వారం వదిలి వచ్చినవాడికి మాత్రం ఎంజీబీఎస్‌లో పండగ ముందురోజు ప్లాట్‌ఫారం వెతుక్కున్నట్టే. నేను మూడుసార్లు మొదలుపెట్టి మూడోసారి పూర్తి చేశా. దీని తర్వాతది, సిల్క్‌సాంగ్, 2025 సెప్టెంబరులో వచ్చింది, ఇంకా కష్టం. మొదటిది నచ్చాకే దాని జోలికి వెళ్ళండి.

మూడింట్లో ఒకటే అంటే ఎల్డెన్ రింగ్. బిగుసుకున్నచోట వేరే పని చూసుకోవడం అందులోనే ఎక్కువ కుదురుతుంది కాబట్టి గంటలో ఏదో ఒకటి చేతికొస్తుంది. కొట్లాట ఒక్కటే ముఖ్యమైతే సెకిరో. డబ్బు చూసుకోవాలంటే, లాప్‌టాప్ పాతదైతే హాలో నైట్.

ముందు కొనాల్సింది: హేడిస్

గంట మనిషి కోసమే కొలిచి కుట్టినట్టుంటుంది ఇది. గ్రీకు పాతాళం, అక్కడి రాజు కొడుకు ఇంట్లోంచి పారిపోవాలి. ఒక ప్రయత్నానికి ఇరవై నిమిషాల నుంచి ముప్పావుగంట. చస్తే ఇంటికే తిరిగొస్తాడు, నాన్న "మళ్ళీ వచ్చావా" అన్నట్టు ఒక మాట అంటాడు, ఇంట్లో అందరూ కొత్త కబుర్లు చెబుతారు, కథ ముందుకి వెళ్తుంది. అంటే ఓడిపోయిన రాత్రి కూడా వృథా పోదు. ఐజీఐ రోజుల నుంచి నేను ఎదురుచూసింది ఇదే. మధ్యలో ఆపేసినా ఉన్న గది మొదటి నుంచి మళ్ళీ మొదలవుతుంది, బటన్లు నాలుగైదే కాబట్టి నెల తర్వాత వచ్చినా చేతికి వెంటనే అందుతాయి.

కష్టంగా ఉంటే గాడ్ మోడ్ అని ఒకటి ఉంది, పెట్టుకుంటే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చినప్పుడల్లా ఇంకో 2 శాతం చొప్పున 80 దాకా పెరుగుతుంది. పెట్టుకుంటే చిన్నతనం అనేవాళ్ళని పట్టించుకోవద్దు, వాళ్ళకి ఇంట్లో పాప లేదు. లోపం చెప్పాలంటే, యాభయ్యో ప్రయత్నం దాటాక అవే నాలుగు లోకాలు అవే గదులు విసుగు పుట్టిస్తాయి, అప్పటికి డబ్బులు ఎప్పుడో గిట్టుబాటై ఉంటాయి గనక నాకు బాధనిపించలేదు. 2020 సెప్టెంబరులో పూర్తిగా విడుదలైంది. రెండో భాగం 2025 సెప్టెంబరులో పూర్తయింది, ఇంకా పెద్దది, అయినా మొదటిదే ముందు.

సెలెస్ట్ కూడా ఇలాంటిదే, 2018ది, కొండ ఎక్కడం. ఒక్కో తెర అరనిమిషం, చచ్చిన మరుక్షణం మళ్ళీ అక్కడే. పావుగంట దొరికినా చాలు. వేళ్ళు నొప్పి పెడతాయి, అంతే.

స్టార్‌డ్యూ వ్యాలీ, మా తాతయ్య అభిప్రాయం

ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్ళకు పైగా కూర్చుని చేసిన గేమ్ ఇది, 2016 ఫిబ్రవరిలో వచ్చింది. బొమ్మలు, సంగీతం, మాటలు అన్నీ ఆయనవే. పట్నంలో ఉద్యోగం మానేసి తాతగారి పొలానికి వెళ్ళి వ్యవసాయం చేయడం. చాలామంది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ పగటి కలే.

మా తాతయ్య జీవితమంతా వరి పండించిన మనిషి. సెలవుల్లో నా పక్కన కూర్చుని ఇది చూశాడు. ముల్లంగిలా ఉండే పార్‌స్నిప్ విత్తనం 20కి కొని, నాలుగు రోజులు నీళ్ళు పోసి, 35కి అమ్మాను. "రోజూ ఇదే ధరా?" అన్నాడు. ఇదే ధర తాతయ్యా, రాత్రి పెట్టెలో వేస్తే పొద్దున్నకి డబ్బులు వచ్చేస్తాయి అన్నాను. "దళారీ లేడా? తేమ ఎక్కువుందని తరుగు తీయడా?" లేడు, తీయడు. కాసేపు చూసి, "కాకులకి దిష్టిబొమ్మ మాత్రం పెట్టాడు, పర్లేదు, వాడెవడో పొలం చూసినవాడే" అన్నాడు. ఆ తర్వాత లేచి వెళ్తూ, "ఈ ఊళ్ళో రెండెకరాలు దొరికితే చెప్పు" అని నవ్వాడు. గేముల మీద నేను విన్న రివ్యూల్లో ఇదే గొప్పది.

నా మాట చెప్పాలంటే, ఇది చూడ్డానికి ఎంత నిదానమో అంత ప్రమాదం. గేమ్‌లో ఒక రోజు మన లెక్కన పద్నాలుగు నిమిషాలకు కాస్త పైన. పడుకుంటేనే సేవ్ అవుతుంది. అందుకని ఇంకొక్క రోజు, రేపు గుమ్మడికాయ కోతకి వస్తుంది, ఎల్లుండి పండగ, అనుకుంటూ గడియారం రెండు కొడుతుంది. అలారం పెట్టుకుని ఆడండి. చేపలు పట్టడం మొదట్లో చిరాకు పుట్టిస్తుంది, వారం తర్వాత అదే అలవాటవుతుంది. హేడిస్‌తో పోలిస్తే, ఆఫీసులో ఎవరి మీదైనా కోపం వచ్చిన రాత్రి హేడిస్, ఏమీ మాట్లాడాలని లేని రాత్రి స్టార్‌డ్యూ. రెండూ కలిపి కొన్నా సేల్‌లో ఒక పెద్ద గేమ్ ధర అవ్వదు.

ఇద్దరు ఆడటానికి

మా ఆవిడ ఎప్పుడూ కంట్రోలర్ పట్టుకోలేదు. ఇట్ టేక్స్ టూ పెట్టాను, 2021లో వచ్చింది, ఆ ఏడాది గేమ్ అవార్డుల్లో పెద్ద బహుమతి కూడా దానిదే, ఇద్దరు లేకుండా అసలు ఆడలేం. విడాకుల దాకా వచ్చిన మొగుడూ పెళ్ళాం బొమ్మలైపోతారు, కలిసి పనిచేస్తే గానీ బయటపడరు. మొదటి గంట తను ఆకాశం వైపో నేల వైపో చూస్తూనే ఉంది, ఎందుకంటే కంట్రోలర్ మీది ఒక పుల్లతో నడవడం, ఇంకో పుల్లతో చూపు తిప్పడం మనకి ఊపిరి తీసుకున్నంత సులువు, కొత్తవాళ్ళకి కుడి చేత్తో ఒకటి, ఎడమ చేత్తో ఇంకోటి రాసినట్టుంటుంది. ఓపిక పట్టండి, "అటు కాదు, ఇటు" అని అరవకండి, నేను అరిచాను, రెండు రోజులు ఆపేశాం. తర్వాత తనే అడిగింది. ప్రతి భాగంలో కొత్త విద్య ఇస్తారు, విసుగు అనేదే ఉండదు. మధ్యలో మాట్లాడే పుస్తకం ఒకటి వచ్చి సలహాలిస్తుంది, దాన్ని మాత్రం ఇద్దరం కలిసి అసహ్యించుకున్నాం. ఒక ఏనుగు బొమ్మ దగ్గర ఆ తల్లిదండ్రులు చేసే పని మా ఆవిడకి ఇప్పటికీ నచ్చలేదు. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్ళు దూరంగా ఉన్నా ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా కలవొచ్చు.

మా తమ్ముడు డల్లస్‌లో ఉంటాడు. వాడితో నాకు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, వాళ్ళకి శనివారం రాత్రి, మనకి ఆదివారం పొద్దున. రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే 1999 గేమ్, 2019లో కొత్త రూపంలో వచ్చింది. 2022లో భారతదేశం మీద ఒక భాగం విడుదల చేసి ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులను చేర్చారు. కాకతీయులని విడిగా పెట్టలేదని వాడికి ఇంకా కోపం. ముప్పావుగంటలో ఒక ఆట, అందులో సగం గేమ్, సగం అమ్మ మోకాలి నొప్పి గురించి.

మనవాళ్ళు చేసినవి

రాజీ అనే గేమ్ పుణెలోని నోడింగ్ హెడ్స్ వాళ్ళది, 2020లో వచ్చింది. తమ్ముడిని వెతుక్కుంటూ వెళ్ళే అమ్మాయి కథ, దుర్గ, విష్ణువు పైనుంచి చూస్తూ కథ చెబుతారు. కోటలు, గోడల మీది బొమ్మలు చూసి మురిసిపోయాను, కొట్లాట మాత్రం మొద్దుగా ఉంది. మనవాళ్ళదని ఒక మార్కు ఎక్కువ వేయాలనిపిస్తుంది, వేయను. సేల్‌లో కొనండి, చిన్న గేమే, వారంలో అయిపోతుంది.

వెన్బా 2023ది, టొరంటోలోని విసాయ్ గేమ్స్ చేసింది, కెనడా వెళ్ళిన తమిళ కుటుంబం, అమ్మ వంటల పుస్తకంలో చెరిగిపోయిన అక్షరాలను ఊహించి వండటం. ఇడ్లీతో మొదలవుతుంది. గంటన్నర, రెండు గంటల్లో ముగుస్తుంది, అంత చిన్నదానికి పూర్తి ధర ఎక్కువే అనిపించింది, సేల్‌లో తీసుకోండి. కొడుకు ఇంగ్లీషులో జవాబిచ్చే చోట నాకు తమ్ముడి కొడుకు గుర్తొచ్చాడు. గేములంటే ఇష్టం లేని మీ అమ్మగారికి చూపించదగ్గది ఇదొక్కటే.

గంట మనిషి దూరంగా ఉండాల్సినవి

వాలొరెంట్, బీజీఎంఐ లాంటి ఆన్‌లైన్ తుపాకుల ఆటలు చెడ్డవని కాదు. వాలొరెంట్‌లో పదమూడు రౌండ్లు ముందు గెలిచినవాళ్ళది ఆట, అరగంట దాటుతుంది, మధ్యలో లేస్తే మిగతా నలుగురికి అన్యాయం, మనకి శిక్ష. పాపకి జ్వరమొచ్చిందని చెప్పినా అవతల హెడ్‌ఫోన్‌లో ఉన్న పద్నాలుగేళ్ళవాడు వినడు, పైగా మన ఇంటిల్లిపాదినీ తిడతాడు. బీజీఎంఐ అయితే 2022 జూలైలో స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగొచ్చింది. అలాంటి వాటిల్లో డబ్బులు పెట్టి తుపాకులకి రంగులు కొనుక్కునే ముందు అది గుర్తుంచుకోండి. ఆడటానికి ఉచితమే, ఆడండి, కొనకండి.

కొనేముందు

స్టీమ్ అని కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం ఉంది, అందులో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బులు వెనక్కి అడగొచ్చు. మొదటి రాత్రి ఆ గడియారాన్ని చూసుకోండి. హేడిస్ నచ్చిందో లేదో రెండు గంటల్లో తెలిసిపోతుంది, స్టార్‌డ్యూలో ఎనిమిది రోజుల పంట చూస్తారు, అదీ చాలు. రెడ్ డెడ్‌లో మంచు కరిగేసరికి గడువు దాటిపోతుంది, మరి. జూన్ చివర, డిసెంబరు చివర పెద్ద సేల్స్ వస్తాయి, పాత పెద్ద గేములకి పూర్తి ధర పెట్టొద్దు.

రెడ్ డెడ్‌కి, బాల్డర్స్ గేట్ 3కి చెరో 150 జీబీ అడుగుతారు, 512 లాప్‌టాప్‌లో ఆ రెండూ వేస్తే ఇంక పెళ్ళి ఫోటోలకి చోటుండదు. ప్లేస్టేషన్ ఉంటే డిస్క్ కొనండి, ఆడాక అమ్ముకోవచ్చు. లాప్‌టాప్‌ని మంచం మీద దుప్పటి మీద పెట్టి ఆడకండి, కింద గాలి ఆడదు, నేను ఒక ఫ్యాన్ మార్పించుకున్నాను. సబ్‌టైటిల్స్ మాత్రం మొదటి నిమిషంలోనే ఆన్ చేసుకోండి, పాప పడుకుంది కదా, సౌండు ఎలాగూ తగ్గించాలి.

మా బాబాయి కొడుక్కి హేడిస్ కొనమన్నాను, ఆ తర్వాత విచర్ అన్నాను, రెడ్ డెడ్ మాత్రం ఇప్పుడే వద్దురా అని రెండుసార్లు చెప్పాను. రెడ్ డెడ్ కొన్నాడు. నిన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్. మంచు దాటాడట, మిషన్లేమీ చేయడం లేదట, నాలుగు రోజులుగా ఏటి ఒడ్డున కూర్చుని చేపలు పడుతున్నాడట. "గోదారి ఒడ్డున పెరిగి ఇక్కడికొచ్చి ఈ పనేంట్రా" అన్నాను. "అది కాదన్నయ్యా, గుర్రానికి పేరు పెట్టమంటోంది, ఏం పెట్టను?" అన్నాడు.